ఆరంభశూరత్వమా, ఆట తేలిపోవడమా?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. ఒక మాట గురించి నాలుగు రోజులుగా అడుగుదామనుకుంటున్నాను. మాట 'ఆరంభశూరత్వం'.

పోయిన వారం కడప నుంచి మా తాతయ్య వచ్చి బెంగళూరు మారతహళ్ళిలో నా గదిలో మూడు రోజులున్నారు. తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. శనివారం రాత్రి భోజనాలయ్యాక నేను కంప్యూటర్లో ఆట తెరిచాను. యూరోపా యూనివర్సాలిస్ నాలుగో భాగం, 2013లో వచ్చింది. 1444 నవంబరు 11న మొదలై 1821 దాకా నడిచే వ్యూహాల ఆట. ఆ రోజుకి ఉన్న రాజ్యాల్లో మనకు నచ్చింది ఎంచుకుని ఏలుకోవచ్చు. నాది ఎప్పుడూ విజయనగరమే. గద్దె మీద రెండో దేవరాయలు, ఉత్తరాన బహమనీలు, తూర్పున గజపతులు. "తాతయ్యా, ఇదిగో తుంగభద్ర, మన కడప ఇక్కడికి వస్తుంది" అని చూపిస్తే ఆయన కళ్ళజోడు సర్దుకుని కుర్చీ ముందుకు లాక్కున్నారు.

తర్వాత నేను దాచుకున్న పాత ఆటల జాబితా తెరిచాను. పద్నాలుగున్నాయి. తాతయ్య తెర మీద వేలు పెట్టి, ఒక్కో ఆట ఏ సంవత్సరంలో ఆగిందో పైకి చదివారు. 1587. 1603. 1611. 1638. "మరి 1821 ఏదిరా?" అన్నారు. లేదు. పద్నాలుగింట్లో ఒక్కటీ అక్కడిదాకా పోలేదు. "పద్నాలుగు సార్లు పట్టం కట్టుకుని ఒక్కసారీ ఒడ్డు చేరలేదా! దీన్నే నాయనా ఆరంభశూరత్వం అంటారు" అని, ఏనుగు లక్ష్మణకవి భర్తృహరికి చేసిన తెలుగు నుంచి పద్యం ఎత్తుకున్నారు:

ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాస సంత్రస్తులై
యారంభించి పరిత్యజింతు రురువిఘ్నాయత్తులై మధ్యముల్
ధీరుల్ విఘ్ననిహన్యమాను లగుచున్ ధృత్యున్నతోత్సాహులై
ప్రారబ్ధార్థము లుజ్జగింపరు సుమీ ప్రజ్ఞానిధుల్ గావునన్

శార్దూలాన్ని ఆయన చదివే తీరే వేరు. 'యారంభించి' దగ్గర నా వైపు చూశారు. నేను మధ్యముణ్ణన్నమాట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నొచ్చుకుని కాదు, పద్యం నాకు సరిగ్గా అతకలేదేమోనన్న ఆలోచనతో. ఎన్నిసార్లు మననం చేసుకున్నా ఒక సంగతి కనిపిస్తూనే ఉంది. మొదటి మూడు పాదాల్లోనూ 'విఘ్నం' ఉంది. నీచుడు విఘ్నం వస్తుందేమోనని మొదలే పెట్టడు. మధ్యముడు పెద్ద విఘ్నానికి లొంగి నడుమ వదిలేస్తాడు. ధీరుడు విఘ్నం కొడుతున్నా నిలబడతాడు. ముగ్గుర్నీ తూచే రాయి ఒకటే, విఘ్నం. మరి విఘ్నమే లేకుండా పోయినందుకు వదిలేసినవాడు ఏ పాదంలోకి వస్తాడు?

ఈ ఆటలు ఆడనివాళ్ళ కోసం, నాకు జరిగేది చెప్తాను. మొదటి యాభై అరవై ఏళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడాలి. బహమనీ దండు సరిహద్దు దాటితే గుండె దడదడలాడుతుంది. ఖజానాలో డబ్బుండదు, అప్పు తెచ్చి కిరాయి సైన్యాన్ని పెట్టుకోవాలి, యుద్ధం ఓడితే ఆ అప్పే మెడకు ఉరి. అప్పుడు తెల్లవారుజామున మూడైనా లేవబుద్ధి కాదు. ఒక్క యుద్ధం గట్టిగా గెలిస్తే భూమి పెరుగుతుంది, భూమితో పన్ను, పన్నుతో సైన్యం, సైన్యంతో మళ్ళీ భూమి. ఇంగ్లీషువాళ్ళు దీనికి దొర్లేకొద్దీ పెరిగే మంచుముద్ద పోలిక చెప్తారు. మనకు మంచెక్కడిది? మనకు పోతన ఉన్నాడు. 'ఇంతింతై వటుడింతయై మరియు దానింతై' అన్నదే ఇది. వామనుడు ఇంకా పొట్టివాడుగా ఉన్నంతసేపే బలి ఇంట్లో ఏమవుతుందోనని మనం ఊపిరి బిగబట్టేది. 'బ్రహ్మాండాంత సంవర్ధి' అయ్యాక ఆయనకు ఎదురు చెప్పేదెవరు? నా ఆటలో ఆ ఘడియ దాదాపు 1600 దగ్గర వస్తుంది. కన్యాకుమారి నుంచి గంగ దాకా నాదే. మిగిలిన రెండు వందల ఏళ్ళూ వేగం చివరి మెట్టుకు పెట్టి, ఒక చేత్తో ఫోను చూస్తూ, రెండో చేత్తో సైన్యాలను జరపడమే పని. ఒక రాత్రి ఆపుతాను, మళ్ళీ తెరవను.

దీనికి తెలుగులో సరైన మాట ఏది? విసుగు అంటే చాలదు, విసుగు ట్రాఫిక్‌లో టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర కూడా వస్తుంది. ఇక్కడ ఆఫీసులో కన్నడ స్నేహితులు 'బేజారాయ్తు' అంటారు. మన 'బేజారెత్తడం'లో వేధింపు పాలు ఎక్కువ. 'మొహం మొత్తడం' కొంత దగ్గర.

నాకు తోచిన మాట 'తేలిపోవడం'. లెక్క తేలింది, కేసు తేలలేదు, ఎవరి వాటా ఎంతో తేలిపోవాలి అంటాం, అంటే తీర్పు వచ్చేయడం. అదే మాటతో, సినిమా రెండో సగం తేలిపోయింది అంటాం, అంటే బరువు లేకుండా పోయింది, పట్టు పోయింది అని. ఈ ఆటల్లో ఆ రెండూ ఒకేసారి జరుగుతాయి. ఎవరు గెలుస్తారో తేలిపోతుంది కాబట్టే ఆట తేలిపోతుంది. ఇంత నిండుగా రెండర్థాలూ మోసే మాట మనకుండగా ఆరంభశూరత్వం అనడం న్యాయమా? పెద్దలు చెప్పాలి.

జవాబు, బీటీఎం లేఅవుట్ నుంచి:

బాబూ, నాకు కంప్యూటర్ ఆటలు తెలియవు, అష్టాచెమ్మా తెలుసు. గుంటూరు దగ్గర మా అమ్మమ్మ అరుగు మీద సుద్దముక్కతో అయిదు గళ్ళు అడ్డం, అయిదు నిలువు గీసి గవ్వలు వేసేవాళ్ళం. మధ్య గడిలోకి చేరిన కాయను 'పండింది' అంటాం. పండాలంటే సరిగ్గా ఎంత కావాలో అంతే పడాలి. ఒకటి కావలసినచోట రెండు పడితే కాయ అక్కడే కూర్చుంటుంది. మూడు కాయలు పండించుకుని నాలుగోది పండక, వెనక ఉన్నవాళ్ళ చేతిలో ఓడిపోయినవాళ్ళను ఎంతమందిని చూశానో. వైకుంఠపాళిలో పై వరుసకు చేరాక కాచుక్కూచునే పెద్దపాము కూడా అంతే కదా. మన ఆటలు కట్టినవాళ్ళకు నీ 'తేలిపోవడం' ముందే తెలుసు, అందుకే గెలుపు గుమ్మంలో గండం పెట్టారు. నా మటుకు నీ ఆటకు 'పండకుండానే ముదిరింది' అంటాను. పిందె దశలోనే గట్టిపడిపోయిన కాయ ఎందుకూ పనికిరాదు.

జవాబు, కేఆర్ పురం నుంచి:

అన్నా, నేను సివిలైజేషన్ అనే ఆట ఆడే మనిషిని. సిడ్ మయర్ మొదటిది 1991లో వచ్చింది, నేను అయిదు, ఆరు ఆడాను. మామూలు వేగంలో అయిదు వందల వంతులు. రెండు వందలు దాటాక నాదీ నీ కథే. ఈ జాతి ఆటలకు 'ఫోర్ ఎక్స్' అన్న పేరు 1993లో అలన్ ఎమ్రిచ్ అనే ఆయన, మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే ఆట గురించి పత్రికలో రాస్తూ పెట్టారు. నాలుగు పనులు, నాలుగింట్లోనూ ఇంగ్లీషు ఎక్స్ చప్పుడు. మనకు నాలుగు వకారాలు సరిపోతాయి చూడు: వెతకడం, విస్తరించడం, వాడుకోవడం, వధించడం. రుచంతా మొదటి రెండు వకారాల్లోనే ఉంది. చీకటిగా ఉన్న పటం కొంచెం కొంచెంగా వెలుగులోకి రావడం, ఆ కొండ అవతల ఏముందో తెలియకపోవడం. నాలుగో వకారం దగ్గరికి వచ్చేసరికి మిగిలేది గుమాస్తా పని. ఇది మన లోపం ఒక్కటే కాదన్నా. సివిలైజేషన్ తయారుచేసేవాళ్ళే, ఆడేవాళ్ళలో చాలామంది చివరిదాకా పోవడం లేదని ఒప్పుకుని, 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఏడో భాగాన్ని మూడు యుగాలుగా విరిచారు. యుగం మారినప్పుడల్లా బలాబలాలు కొంత మళ్ళీ సర్దుకోవాలి. అంటే విఘ్నాన్ని పనిగట్టుకుని వెనక్కి తెచ్చారు. నీ పద్యానికి దీనికంటే దగ్గరి సాక్ష్యం ఉండదు.

జవాబు, చెన్నై అశోక్ నగర్ నుంచి:

తమ్ముడూ, నీ పద్య విచారణ బాగుంది కానీ ఒక్క చోట ఒప్పుకోను. ఆట తేలిపోయిందని తేల్చేది ఎవరు? మా చెన్నై తెలుగింటి పిల్లవాడు గుకేశ్‌ను చూడు. 2024 డిసెంబరు 12, సింగపూర్, ప్రపంచ చదరంగ ఛాంపియన్‌షిప్‌లో పద్నాలుగో ఆట. అతనూ, అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ చెరి ఆరున్నర పాయింట్లతో ఉన్నారు. చివరికి ఇద్దరికీ ఒక్కో రూకు, ఒక్కో బిషప్పు, పిల్లవాడి చేతిలో ఒక బంటు ఎక్కువ. చూస్తున్నవాళ్ళందరం డ్రా అనుకున్నాం. నీ మాటలో చెప్పాలంటే తేలిపోయిన ఆట. అతను మాత్రం కదుపుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ లిరెన్ రూకును పెట్టకూడని గడిలో పెట్టారు. 58 ఎత్తులకు ఓటమి ఒప్పుకున్నారు. 'ప్రారబ్ధార్థము లుజ్జగింపరు' అన్న పాదం నాకు ఆ రోజు టీవీ ముందు అర్థమైంది. తాతగారు అన్నది తీసిపారేయకు.

నా జవాబు:

అమ్మా, 'పండకుండానే ముదిరింది' అన్న మాట రాసిపెట్టుకున్నాను. తమ్ముడూ, నాలుగు వకారాలు ఇవాళ్టి నుంచి నావి కూడా.

చెన్నై అన్నగారికి: మీరు చెప్పిన ఆట నేనూ చూశాను, మీ మాట నిజం. అయితే అందులోనే నాకు కావలసిన జవాబు కూడా ఉంది. డింగ్ గారు 58 దగ్గర ఆపేశారు కదా. రాజుకు కట్టు పడేదాకా కూర్చోలేదు. ఆయన్ను ఆరంభశూరుడని ఎవరూ అనలేదు. చదరంగంలో ఆట నిజంగా తేలిన క్షణాన ఎదుటి మనిషి చెయ్యి చాపి 'నువ్వే గెలిచావు' అంటాడు, గెలిచినవాడు అక్కడితో లేస్తాడు. నా ఆటలో ఎదుటివాడు యంత్రం, 1600లో ఓడిపోయానన్న సంగతి ఒప్పుకోదు. రెండు వందల ఏళ్ళ పాటు నేనే ఒక్కొక్క గడీ తీసుకోవాలి. వాడు చెయ్యి చాపకపోవడం వల్లే నా ఆటలు 'సగంలో వదిలినవి'గా కనిపిస్తున్నాయి. 55వ ఎత్తుకు ముందు ఆ ఆట తేలినట్టు కనిపించింది, తేలలేదు. కనిపించడానికీ తేలడానికీ మధ్య ఉన్న ఆ సందులో నేను తొందరపడ్డ సార్లు ఉన్నాయి. 1587లో ఆపింది అలాంటిదే, ఒట్టోమన్లు ఇంకా బలంగానే ఉన్నారు, పోరాడి ఉండాల్సింది. ఆ ఒక్కదానికి ఆరంభశూరత్వం అన్న మాట పడతాను.

ఇదంతా నిన్న రాత్రి తాతయ్యకు ఫోన్లో చదివి వినిపించాను. విఘ్నం తీరిపోయినవాడి గురించి భర్తృహరి చెప్పలేదన్నది ఒప్పుకున్నారు. 'తేలిపోవడం' రెండర్థాల మాట ఆయనకు బాగా నచ్చింది, రెండుసార్లు చెప్పించుకున్నారు. కాసేపాగి, "అది సరే, ఆ రోజు మనం మొదలుపెట్టిన ఆటలో గజపతి ఉదయగిరి మీదికి వస్తున్నాడు కదా, ఏమైంది?" అన్నారు.

ఆ ఆట 1471లో ఆగి ఉంది. ఆయన మళ్ళీ వచ్చేది సంక్రాంతి తర్వాత. అప్పటిదాకా నన్నొక్కణ్ణే తెరవద్దన్నారు.