"దేవుడికెరుక" అంటే "నాకు తెలీదు" అనేనా?

మొన్న ఇక్కడ ఒకరు రాశారు, "దేవుడికే ఎరుక" అనడం చేతులు దులుపుకోవడమేనని, దానికంటే "అంతా మన మంచికే" నయమని, అందులో కనీసం ధైర్యం చెప్పడమైనా ఉందని. నాకైతే సరిగ్గా దానికి తిరగేసి అనిపిస్తుంది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు, సరిహద్దుకి అవతల శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా చిన్నాన్న కొబ్బరితోట మొత్తం నేలమట్టమైంది. పలకరించడానికి వచ్చినవాళ్లలో సగంమంది "అంతా మన మంచికేరా, దేవుడు ఇంకోలా ఇస్తాడు" అనేవారు. కాపుకొచ్చిన చెట్టు పోతే మళ్లీ కాయ చూడడానికి ఏళ్లు పడుతుంది, ఇందులో మంచి ఎక్కడుందో చిన్నాన్నకి తెలీలేదు, వచ్చినవాళ్లకి జవాబివ్వడం మానేసి గోడవైపు తిరిగి పడుకునేవాడు. మా మామ్మ మాత్రం పక్కన కూర్చుని "ఎందుకొచ్చిందో మనకేటెరుక నాయినా, ఆ పైవాడికెరుక" అని ఊరుకుంది. కాసేపటికి ఆయన లేచి ఏ గట్టు మీద ఎన్ని చెట్లు పోయాయో ఆవిడకి లెక్క చెప్పడం మొదలుపెట్టాడు.

"మంచికే" అన్నవాళ్లు దేవుడి లెక్కల పుస్తకం తాము చదివేసినట్టే మాట్లాడారు. మామ్మ చదవలేదని ఒప్పుకుంది, చదివినవాడు ఒకడున్నాడని మాత్రం అంది. నమ్మకం ఏ మాటలో ఎక్కువుందో మీరే చూడండి.

ఇక మాట సంగతి. పాత రాతలో ఎఱుక, ఎఱుగు, బండి ఱ తోనే. కన్నడంలో అరివు, తమిళంలో అఱివు దీనికి చుట్టాలే. తెలంగాణలో "నాకెరుకే" అని రోజూ అంటారు కానీ మా ఇళ్లలో ఆ మాట విచిత్రంగా చీలిపోయింది. క్రియేమో మనకి ఎక్కువగా "కాదు" అనే రూపంలోనే మిగిలింది: ఎరుగను, ఎరుగం, కనీ వినీ ఎరుగని తుఫాను, ఆకలి రుచి ఎరుగదు. నామవాచకమేమో దాదాపు దేవుడికే వదిలేశాం (సోది చెప్పేవాళ్లు ఎరుక చెబుతామంటారు, అది వేరే సంగతి). గజేంద్రుడు కూడా మొసలి నోట్లో కాలు పెట్టుకుని "నీవే తప్ప నితఃపరం బెఱుఁగ" అనే అన్నాడు కదా. లావు ఒక్కింతైనా లేదు, ధైర్యం సడలింది, మూర్ఛ వచ్చింది. ఆ "ఎఱుఁగ"లో "లేదు" అనే మాటే ఉండదు, చివర ఒక్క అకారంతోనే కాదనడం అయిపోతుంది.

పక్కింటి ఒడియావాళ్లు "భగవాన్ జాణంతి" అంటారు, మాటకి మాట చూస్తే భగవంతుడు ఎరుగును, అంటే అక్కడ తెలియడం ఆయన చేసే పని. మన మాటలో క్రియే లేదు. దేవుడికి, ఎరుక, అంతే. నిన్నా లేదు రేపూ లేదు. గిడుగువారు పంతులుగా పనిచేసిన ఊళ్లో కూర్చుని వ్యాకరణం ఎక్కువ మాట్లాడుతున్నాను, ఆపేస్తాను.

జవాబు (ఆర్.ఉదయగిరి వైపు నుంచి): మేం క్రైస్తవులం అండీ, మీరు చెప్పింది చదువుతుంటే బైబిల్లో ఉన్నదంతా పోగొట్టుకున్న యోబు గుర్తొచ్చాడు. స్నేహితులు ముగ్గురూ వచ్చి నీకు ఇది ఇందుకే జరిగిందని కారణాలు చెప్తారు. 38వ అధ్యాయంలో దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు, అంత బాధపడ్డవాడికి ఒక్క కారణమూ చెప్పడు, నేను భూమికి పునాది వేసినప్పుడు నువ్వెక్కడున్నావని ఎదురు అడుగుతాడు. చివరికి కోపగించుకున్నది మాత్రం ఆ కారణాలు చెప్పినవాళ్ల మీద. మా చర్చిలో తిత్లీ తర్వాత ఇదే చదివారు. అప్పట్లో నాకు ఆ ఎదురు ప్రశ్న మోటుగా అనిపించింది, ఇప్పటికీ కొంచెం అలాగే ఉంది.

జవాబు (బరంపురం): అన్నీ బాగున్నాయి గానీ, 2013లో ఫైలిన్ తుఫాను మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, పరిహారం ఎప్పుడొస్తుందని ఆఫీసుకి వెళ్తే అక్కడి గుమాస్తా కూడా "దేవుడికే తెలియాలి" అన్నాడు. దానికేమంటారు?

నా జవాబు: అది ఆయన టేబుల్ మీద ఫైలు బాబూ, దేవుడి దగ్గర లేదు. మా మామ్మ ఆ మాట వాడింది తుఫాను ఎందుకొచ్చిందన్న దానికే. మర్నాడు పొద్దున్నే పడిపోయిన చెట్ల ఫోటోలు తియ్యమని నన్ను తోటకి తరిమింది ఆవిడే.