డీఎన్ఏ చూడకుండా లోతు సముద్రపు చేపకి కొత్త పేరు పెట్టొచ్చా?

నీలివల:
వేలెడంత చేప వలలో పడితే ఆకారం చూసి కొత్త జాతి అనేయడం నాకు నచ్చదు. 1956లో బెర్టెల్సెన్, మార్షల్ అనే శాస్త్రవేత్తలు రిబ్బన్‌లాంటి తోక ఉండే టేప్‌టెయిల్ చేపల కోసం ఏకంగా కొత్త క్రమాన్నే (కుటుంబాల కన్నా పెద్ద వర్గం) ప్రకటించారు. వాటిలో మిరాపిన్నా ఈసావు అనే జాతికి ఆధారం ఒకే ఒక్క నమూనా, 1911లో అజోర్స్ దగ్గర పట్టింది. 2009లో తేలిందేమిటి? టేప్‌టెయిల్స్ అంటే వేల్‌ఫిష్ అనే మరో లోతు సముద్రపు చేప పిల్లలేనని! డీఎన్ఏ లేకుండా పేర్లు పెట్టడం ఆపాలి.

పగడం:
1956లో డీఎన్ఏ పరీక్ష ఎక్కడిదండీ? మ్యూజియం సీసాల్లో ఉన్న పాత చేపలు చాలావరకు కుళ్లకుండా ఉంచే రసాయనం ఫార్మలిన్ పట్టినవి, వాటినుంచి డీఎన్ఏ రాబట్టడం ఇప్పటికీ కష్టమే. పైగా ఆ చేపలు చూడండి. టేప్‌టెయిల్ 200 మీటర్ల లోపు పైనీళ్లలో తిరుగుతుంది, నోరు పైకి తిరిగి ఉంటుంది. వేల్‌ఫిష్ ఉండేది 1000 మీటర్ల కింద, పెద్ద నోరు, చిన్న కళ్లు. ఇదే కథలో మూడోదైన బిగ్‌నోస్ చేపకి పెద్ద ముక్కు, పొట్టే లేదు. ఎవరు చూసినా మూడు వేర్వేరు కుటుంబాలనే అనుకుంటారు.

నీలివల:
నేననేదీ అదేనండీ, ఆకారం అంత మోసం చేస్తుంది. 2003లో జపాన్ బృందం మైటోకాండ్రియా డీఎన్ఏ పోల్చాకే కదా టేప్‌టెయిల్, వేల్‌ఫిష్ దాదాపు ఒకటేనని బయటపడింది!

సీసామూత:
దారి చూపింది డీఎన్ఏనే, కాదనను. కానీ విషయం తేల్చింది నమూనాలు. అప్పటికి దొరికిన వేల్‌ఫిష్‌లు 600కి పైగా, అన్నీ ఆడవే. బిగ్‌నోస్‌లు 65, అన్నీ మగవే. టేప్‌టెయిల్స్ 120, ఒక్కటీ ఎదిగింది కాదు. ఈ లెక్క చేపల్ని ఒక్కొక్కటిగా పరీక్షించినవాళ్లు రాసిపెట్టింది. మెక్సికో సింధుశాఖలో సగం రూపం మారిన చేపలు దొరికాక 2009లో జాన్సన్, పాక్స్‌టన్ అనే శాస్త్రవేత్తల బృందం మూడింటినీ పిల్ల, మగ, ఆడ రూపాలుగా ఒకే కుటుంబంలో కలిపింది. పొట్ట లేకపోవడానికీ అర్థం దొరికింది: పిల్లప్పుడు కోపిపాడ్లనే చిన్న రొయ్యలాంటి జీవుల్ని మింగి, మగచేపగా మారాక పెద్ద కాలేయంలో దాచిన శక్తితోనే బతుకుతుంది. ఎంత అద్భుతం!

అందుకే పేరు పెట్టండి అంటాను. పేరు పెట్టి, వివరం రాసి, సీసాలో భద్రపరచకపోతే తర్వాతివాళ్లు దేన్ని దేనితో పోలుస్తారు? ఇప్పుడు ఫార్మలిన్‌లో వేసేముందే డీఎన్ఏ కోసం కండముక్క ఆల్కహాల్‌లో తీసిపెట్టాలి. కాకపోతే ఎదగని చేపని పట్టుకుని కొత్త క్రమం కట్టకూడదు. 1956లో తొందర అక్కడ జరిగింది.

నీలివల:
క్రమం సంగతి సరే. కానీ ఒకే చేపకి రెండు పేర్లుంటే ముందు పెట్టినదే నిలుస్తుందన్నది నియమం. పిల్లకి పెట్టిన పేరు పాతదైతే, పెద్దచేపకి ఇన్నాళ్లు వాడిన పేరు పోవాలా?

సీసామూత:
మామూలుగా అయితే పోవాల్సిందే. కొత్తది బాగా వాడుకలో ఉంటే దాన్నే ఉంచే వెసులుబాటు కూడా నామకరణ నియమాల్లోనే ఉంది. పేర్ల చిక్కు కాగితం మీద సర్దుకోవచ్చండీ, వివరం రాయకుండా వదిలేసిన చేపని మాత్రం మళ్లీ ఎవరూ పట్టించుకోరు.