‘ముక్కండి’ అని అచ్చులో రాయొచ్చా? డెఫికోగ్రఫీ సూచనల మాటలు

పదవేట: ఎమ్మారై డెఫికోగ్రఫీకి (పురీషనాళంలో జెల్ నింపి, దాన్ని వదిలేటప్పుడు కటి కండరాలు ఎలా కదులుతాయో ఎమ్మారైలో చూసే పరీక్ష) ఒప్పుకున్న ఆరోగ్యవంతులకు ఇచ్చే కాగితంలో మూడు ఆదేశాలున్నాయి: స్క్వీజ్, స్ట్రెయిన్, డెఫికేట్. ‘సంకోచింపజేయండి, ఒత్తిడి కలిగించండి, విసర్జించండి’ అని తెలుగు చేశారు. చదివినవాళ్లకి ఏం చెయ్యాలో తోచదు. వాడుకమాటలు కావాలి. ‘ముక్కండి’ మొరటుగా ఉంటుందా?

తెరచిత్రం: మొరటేం కాదండీ. కాన్పు గదిలో అనేదీ ఆ మాటే, ‘ముక్కీ మూలిగీ’లో ఉన్నదీ అదే. బిగించండి, ముక్కండి, వదిలేయండి అంటే సరిపోతుంది. చిక్కు వేరే చోట ఉంది. ‘ముక్కండి’ అని ఊరుకుంటే చాలామంది ఊపిరి బిగబట్టి, పొట్టతో పాటు మలద్వారాన్నీ బిగించేస్తారు. వదిలే దశలోనూ అదే పని చేస్తే మలద్వారాన్ని బిగించి ఉంచే ప్యూబోరెక్టాలిస్ కండరం సడలదు, ఏ జబ్బూ లేని మనిషి రిపోర్టులో ‘డిస్సినర్జియా’ (వదిలేటప్పుడు కండరాలు సరిగ్గా సడలకపోవడం) అని పడుతుంది. అందుకే రెండు దశల్నీ విడదీసి రాయండి: ‘జెల్ బయటికి రాకుండా కిందికి ముక్కండి’, ఆ తర్వాత ‘ఇప్పుడు ఆపుకోకుండా మొత్తం వదిలేయండి’.

కండరకళ: ‘బిగించండి’ కూడా ఒంటరిగా వద్దు. పిరుదులు, తొడలు బిగిస్తారు. ‘గ్యాస్ పోకుండా ఆపుకున్నట్టు లోపలికి, పైకి లాగండి’ అంటే సరైన కండరం కదులుతుంది. అప్పుడు పురీషనాళానికీ మలద్వార నాళానికీ మధ్య కోణం 15–20 డిగ్రీలు తగ్గాలి, వదిలేటప్పుడు దాదాపు అంతే పెరగాలి. విశ్రాంతిలో కోణం ఎంత అన్నది మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి నేను తేడానే నమ్ముతాను.

పదవేట: బావుంది. ‘డిసెంట్’ (కటి కండరాలు కిందికి రావడం) అన్న మాటని ‘జారడం’ అన్నారు, ఉంచమంటారా?

కండరకళ: వద్దు. ‘గర్భసంచి జారింది’ అని వినీ వినీ మనకి జారడమంటే జబ్బే. ముక్కితే కటి తలం (కటి అడుగున ఉండే కండరాల పొర) కొంత దిగడం మామూలు. జఘనాస్థి అతుకు కింది అంచు నుంచి తోకఎముక చివరి కీలు దాకా గీత గీసి, అక్కణ్ణుంచి పురీషనాళం మలద్వార నాళంతో కలిసే చోటుకి లంబంగా కొలుస్తారు. 2 సెం.మీ. దాకా లెక్కలోకి రాదు. ‘దిగడం’ చాలు.

‘రెక్టోసీల్’కి (పురీషనాళం ముందుగోడ యోని వైపు ఉబ్బడానికి) ‘భ్రంశం’ అని రాస్తే అదింకా అన్యాయం. 1989లో వచ్చిన బేరియం ఎక్స్‌రే అధ్యయనంలో 21 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలలో 17 మందికి అది కనబడింది. ‘ముందుగోడ ఉబ్బు’ అనండి. 2 సెం.మీ. లోపుది చిన్నది. అందులో జెల్ చిక్కుకుని మిగిలిపోతోందా అన్నది చూడాలి గానీ, ఉబ్బు ఉన్నంత మాత్రాన కంగారు లేదు.

తెరచిత్రం: ఇంకో మాట. 120–250 మి.లీ. అల్ట్రాసౌండ్ జెల్ ఎక్కించడాన్ని ‘ఎనిమా’ అనకండి, వెంటనే లేచి వెళ్లాలేమో అనుకుంటారు. ‘జెల్ నింపుతారు, చెప్పేదాకా ఆపుకోండి’ అంటే సరి. మామూలు ఎమ్మారైలో వెల్లకిలా పడుకునే వదలాలి. సిగ్గుతో మొదటిసారి సరిగ్గా రాదు, అందుకే ఒకటికి రెండు మూడు సార్లు చేయిస్తారు. పూర్తిగా వదలకపోతే ఉబ్బూ, దిగడమూ ఉన్నదానికన్నా తక్కువగా కనబడతాయి. కాబట్టి ఈ వాక్యం కాస్త పెద్ద అక్షరాల్లో వేయించండి: ‘పక్క పాడవుతుందని ఆపుకోకండి, కింద ప్యాడ్ పరిచే ఉంటుంది.’