నాన్నని లండన్‌లో పెద్ద హోటల్ రెస్టారెంట్‌కి తీసుకెళ్తున్నా, ఏమేం చూసుకోవాలి?

స్లౌ_సీను:
అమ్మానాన్న వచ్చే నెల వస్తున్నారు. నాన్న ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. పాఠంలో పుడ్డింగు అన్న మాట వచ్చినప్పుడల్లా "అదొక రకం మిఠాయి రా" అని చెప్పి దాటేశారట, అసలు అదేంటో ఒక్కసారి తిని చూడాలని మొన్న ఫోన్‌లో అన్నారు. అందుకని ఈసారి డబ్బు సంగతి పక్కనపెట్టి సవోయ్, రిట్జ్, గోరింగ్ లాంటి చోట పాత పద్ధతి ఇంగ్లీషు భోజనం పెట్టిద్దామనుకుంటున్నా. చిక్కేంటంటే అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. నాన్న కోడి, మేక, చేప తింటారు గానీ బీఫ్ ముట్టరు. పైగా ఆయనకి చేత్తో తింటేనే తిన్నట్టుంటుంది, అక్కడ కత్తీ ఫోర్కూ చూసి టెన్షన్ పడతారేమో. నాకు కోటు ఒకటి ఉంది, టై లేదు. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

రెడింగ్_రాధ:
ముందు టై కొనుక్కోండి. రిట్జ్ రెస్టారెంట్‌లో మగవాళ్ళకి కోటూ టై ఉండాల్సిందే అన్న పట్టింపు చాలాకాలంగా ఉంది. మిగతా హోటళ్ళు అంత గట్టిగా ఉండకపోయినా జీన్సు, స్పోర్ట్స్ షూలతో మాత్రం వెళ్ళకండి. అమ్మగారి గురించి బెంగ వద్దు, మా అత్తగారు పట్టుచీరలో వెళ్తే కోటు తీసుకునే అమ్మాయి దగ్గర్నుంచీ అందరూ ఆవిడ్నే చూశారు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఆ పుడ్డింగు దగ్గరే. యార్క్‌షైర్ పుడ్డింగు అసలు తీపి వంటకమే కాదు. మైదా, గుడ్డు, పాలు కలిపిన జారు పిండిని బాగా కాగిన కొవ్వులో పోసి ఓవెన్‌లో పొంగిస్తారు, రోస్ట్ మాంసం పక్కన పెట్టుకుని గ్రేవీ పోసుకు తింటారు. పాత పద్ధతి అంటే ఆ కొవ్వు బీఫ్‌దే, డ్రిప్పింగ్ అంటారు. పోనీ తీపి పుడ్డింగులే తిందామా అంటే స్పాటెడ్ డిక్, క్రిస్మస్ పుడ్డింగు లాంటివాటిల్లో సూయెట్ పడుతుంది, అది ఆవు, గొర్రెల మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు. ఇప్పుడు వెజిటబుల్ సూయెట్ కూడా దొరుకుతుంది, కానీ వాళ్ళు ఏది వాడారో మనం అడిగితే తప్ప తెలీదు. బ్లాక్ పుడ్డింగు జోలికి అసలు వెళ్ళొద్దు, అది రక్తంతో చేసే సాసేజ్. ఇన్ని వడపోయగా మీ నాన్నగారికి మిగిలేది స్టికీ టాఫీ పుడ్డింగు. ఖర్జూరం వేసిన మెత్తటి కేకు మీద వేడివేడి టాఫీ సాస్ పోస్తారు, మామూలుగా వెన్నతోనే చేస్తారు. అయితే గుడ్డు ఉంటుంది కాబట్టి అమ్మగారికి పనికిరాదు.

మాజీ_వెయిటర్:
మాస్టర్స్ చదివేటప్పుడు శని, ఆదివారాలు లండన్‌లో ఒక పెద్ద హోటల్లో ప్లేట్లు మోశాను, పేరు చెప్పను. రోస్ట్ అయితే వెండి మూత వేసిన బండి మీద టేబుల్ దగ్గరికే తెచ్చి, మూత ఎత్తి, మీ కళ్ళముందే పల్చగా కోసి వడ్డిస్తారు. 1828లో పొగతాగే గదిగా మొదలై, తర్వాత చదరంగం ఆడేవాళ్ళ అడ్డాగా మారిన, సవోయ్ పక్కనే ఉన్న సింప్సన్స్ ఇన్ ది స్ట్రాండ్ రెస్టారెంట్‌కి అంత పేరు తెచ్చింది ఈ బండే. కోసేవాడి చేతిలో నాణెం పెట్టడం పాత ఆనవాయితీ. ఆ బండి మీద ఉన్నది బీఫా, గొర్రె మాంసమా అని ముందే అడగండి. గొర్రె మాంసమైతే పక్కన మింట్ సాస్ ఇస్తారు, పుదీనా, వెనిగర్, పంచదార వేసి చేస్తారు, మన పుదీనా పచ్చడికి దూరపు చుట్టం అనుకోవచ్చు.

కత్తీ ఫోర్కూ గురించి తెలుసుకోవాల్సింది ఒక్కటే. రెండూ పక్కపక్కన ఆనించి పెడితే తినడం అయిపోయిందని, విడివిడిగా పెడితే ఇంకా తింటున్నామని. నేను కొత్తలో ఒక ముసలాయన గొంతు సవరించుకుంటుంటే సగం చేప ఉన్న ప్లేటు లాక్కుపోయాను, ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. బ్రెడ్డు మాత్రం చేత్తోనే తుంచుకోవాలి, అక్కడ కత్తి పెడితేనే మర్యాద కాదు. మీ నాన్నగారికి ఆ మాత్రం ఊరట.

బిల్లులో సర్వీస్ చార్జ్ 12.5 శాతమో 15 శాతమో కలిపేస్తారు. 300 పౌండ్లు తింటే 15 శాతానికి ఇంకో 45. డిస్క్రిషనరీ, అంటే ఇష్టముంటేనే ఇచ్చేదని రాసి ఉంటే తీసేయమని అడగొచ్చు. కానీ 2024 అక్టోబర్ నుంచి ఆ డబ్బు యజమాని ఉంచుకోకుండా పనివాళ్ళకే ఇవ్వాలని చట్టం వచ్చింది, సర్వీస్ బాగుంటే ఉండనివ్వండి అన్నా. నీళ్ళు అడిగితే సీసా తెస్తారు, దానికి డబ్బులు. ట్యాప్ వాటర్ అనండి, మద్యం అమ్మే చోట అడిగినవాళ్ళకి అది ఉచితంగా ఇచ్చి తీరాలి.

గోదారిగట్టు:
నేనైతే అంత ఖర్చు పెట్టను, కానీ నాన్నగారి కోరిక కాబట్టి ఏమీ అనను. డిన్నర్ బదులు మధ్యాహ్నం సెట్ మెనూ చూడండి, అంటే రెండు మూడు వంటలు కలిపి ఒకే ధర, గది అదే, కుర్చీ అదే, బిల్లు తక్కువ.

అమ్మగారి విషయంలో వెజిటేరియన్ అని చెప్పి ఊరుకోకండి, వాళ్ళ లెక్కలో గుడ్డు వెజిటేరియనే. ఒక హోటల్లో మా అమ్మకి కూరగాయల సూప్ ఇచ్చారు, రెండు చెంచాలు తాగాక అడిగితే అందులో చికెన్ స్టాక్ ఉందన్నారు. అమ్మ ఏమీ అనలేదు, చెంచా కింద పెట్టి ఇంటికెళ్ళేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. వీగన్, అంటే పాలతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ తినరు అని చెప్పి, పాలూ వెన్నా మాత్రం పర్లేదు అనండి, అప్పుడు సరిగ్గా అర్థమవుతుంది. బంగాళాదుంపలు ఏ కొవ్వులో వేయించారో కూడా అడగండి, ఇదంతా టేబుల్ బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో చెప్పాలి, అక్కడ కూర్చున్నాక కాదు.

ఇంకోటి, సవోయ్‌లో కాస్పర్ అని నల్ల పిల్లి బొమ్మ ఉంది, 1927లో చెక్కారు. బల్ల దగ్గర 13 మంది అయితే అపశకునమని దాన్ని 14వ కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి నాప్‌కిన్ కట్టి, అన్ని వంటలూ వడ్డిస్తారు. మనకి పిల్లి ఎదురొస్తే ప్రయాణం ఆగిపోతుంది, వాళ్ళు పిలిచి భోజనం పెడుతున్నారు.

స్లౌ_సీను:
అందరికీ థాంక్స్. ఫోన్ చేశాను, అవతలి ఆవిడ చాలా ఓపిగ్గా అన్నీ రాసుకుంది. అమ్మకి గుడ్డు లేకుండా విడిగా చేస్తామన్నారు. వాళ్ళ యార్క్‌షైర్ పుడ్డింగు డ్రిప్పింగ్‌తోనేనట. నాన్నకి ఆ సంగతి చెప్పి, అది తీపి కూడా కాదన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎన్ని బ్యాచ్‌లకి మిఠాయి అని చెప్పానో" అన్నారు. తినకపోయినా చూడాలట, పక్క బల్ల వాళ్ళు ఎవరైనా తెప్పించుకుంటారుగా అంటున్నారు. అలా తేరిపార చూడటం మర్యాదేనా, మాజీ వెయిటర్ గారూ?