పాచిక పారకపోతే ఆట ఆగాల్సిందేనా? (డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట నడిపించే జీఎంల, అంటే గేమ్ మాస్టర్ల చర్చ)

గుత్తికోట:
గండికోట మీద కథ అల్లుతున్నా. ధాన్యాగారంలో దాచిన రాగిరేకు దొరికితేనే పెన్న లోయలోకి దిగే దారి తెలుస్తాది. వెతికే నేర్పుకు (ఇన్వెస్టిగేషన్) డీసీ 15 పెట్టినా, అంటే డీ20 (ఇరవై ముఖాల పాచిక) వేసి వాని నేర్పు అంకె కలిపితే 15 అన్నా రావాల. ప్లేయర్లు నలుగురు, మూడో లెవెల్, ఐదో ఎడిషన్ 2014 రూల్స్. అందరూ ఫెయిలైతే ఎట్ల? నా అడ్డుతెర వెనక రోల్ వేసి, పడిన అంకె మార్చి చెప్పొచ్చా?

బేలం_గుహ:
రేకుకు రోల్ పెట్టడమే తప్పు. లెక్క చూడు. +5 ఉన్నోడికి 55 శాతం, +0 ఉన్నోడికి 30. ఒకడు +5, ముగ్గురు +0 అయితే నలుగురూ వేసినా 15 శాతం దాకా కథ ఆడనే కూలబడతాది. రేకు ఊరికే ఇచ్చెయ్. ఎంతసేపు పట్టింది, ఎవరి కంట పడినారు అనేదానికి రోల్ అడుగు. 15 అందుకుంటే పది నిమిషాల్లో, చప్పుడు లేకుండా. అందుకోకపోతే గంట కాగడా అయిపోయింది, కావలోళ్లు మెట్ల మీదున్నారు.

కడప_కారందోశ:
నలుగురూ వరసగా వేసేదేంది? ఒక పనికి ఒకటే రోల్. పక్కోడు సాయం పడితే అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునేది), 55 కాస్తా 80కి దగ్గరవుతాది. కానీ 1 పడితే మాత్రం రేకు విరగాల్సిందే. 1 అంటే 1.

కత్తిసాము:
ఏం మాటప్పా అది? నాచురల్ 1 (పాచిక మీదే 1) పడితే తప్పడం అటాక్‌కే, స్కిల్ చెక్‌కు లేనే లేదు. అటాక్‌లో కూడా కత్తి జారిపోయిందని రాసి లేదు, దెబ్బ తగల్లేదంతే. ఐదో లెవెల్ ఫైటర్ (యోధుడు) రెండుసార్లు కొడతాడు, టర్న్‌లో ఒక్క 1 అన్నా పడేది దాదాపు 10 శాతం. పదకొండో లెవెల్లో మూడుసార్లు, 14 శాతం. నేర్పు పెరిగేకొద్దీ కత్తి జారడం పెరిగితే అదేం న్యాయం? ఫైర్‌బాల్ మంత్రం వేసే విజార్డ్‌కు అటాక్ రోలే లేదు, వానికి ఏ శిక్షా లేదు.

కడప_కారందోశ:
1 పడితే టేబుల్ అంతా లేచి అరుస్తాది. అది తీసేస్తే ఏం మిగిలింది?

కత్తిసాము:
అరిచేది మిగతా ముగ్గురు. వేసినోని మొహం చూడు ఒకసారి.

కొండారెడ్డి_బురుజు:
మూడో ఎడిషన్ నుంచి నడిపిస్తున్నా, ఇద్దరూ సగం సగమే చెప్తున్నారు. చావుబతుకుల మధ్య పడినోడు వేసే డెత్ సేవ్‌లో 1 పడితే రెండు ఫెయిల్యూర్లు, అది మర్చిపోయినారు. ఫైటర్‌కు తప్పితే వాని చేతగానితనం చెప్పొద్దు, ఎదుటోని నేర్పు చెప్పు: "డాలు అడ్డం పెట్టినాడు". తొందర లేని చోట మా కాలంలో టేక్ 20 ఉండేది, ఇరవై రెట్ల సేపు తీసుకుని 20 పడినట్టు లెక్క. ఫెయిలైతే ఏమైతాదో ముందే చెప్పలేనోడు డైస్ అడగనే కూడదు.

అనంత_రెండారు:
2డీ6 (రెండు ఆరు ముఖాల పాచికలు) ఆటలు చూడండి. మాడిఫయర్ (కలిపే అంకె) లేకుంటే 36లో 15 సార్లు 6 గానీ అంతకు తక్కువ గానీ, 15 సార్లు 7 నుంచి 9, ఆరు సార్లే 10 గానీ ఆ పైన గానీ. నడిమిది "పని అవుతాది, దానికో ఖర్చు". డీ20లోనూ చెయ్యొచ్చు: డీసీకి 1, 2 తగ్గితే ఖర్చుతో గెలుపు, 5 అంతకంటే ఎక్కువ తగ్గితే పెద్ద దెబ్బ.

కడప_కారందోశ:
మాటిమాటికీ 1లు పడుతుంటే డైస్‌ను ఉప్పునీళ్లలో వెయ్యండి. తేలేదాకా ఉప్పు కలిపి, వేలితో తిప్పి వదలండి. ఒకే అంకె పైకొస్తుంటే లోపల గాలిబుడగ ఉన్నట్టు.

అనంత_రెండారు:
అరిగిన అంచును ఉప్పునీళ్లు చెప్పవు. 200 సార్లు వేసి రాసుకో, ఒక్కో ముఖానికి సగటు 10. ప్రతి ముఖం ఆ 10కి ఎంత తేడాగా పడిందో దాన్ని వర్గం చేసి, అన్నీ కూడి, 10తో భాగించు. 30 దాటితే అప్పుడు అనుమానపడు.

కత్తిసాము:
డైస్‌ది కాదు జబ్బు, మీ ఇంటి రూల్‌ది.

గుత్తికోట:
తెర సంగతి ఒక్కరూ చెప్పలేదే?

బేలం_గుహ:
మార్చొద్దు. అందరి ముందరే వెయ్. మార్చాల్సి వస్తాదేమో అనిపిస్తే ఆ రోల్ అడగనే వద్దు.

గుత్తికోట:
సరే అన్నా, రేకు ఊరికే ఇస్తా. మెట్ల మీద కావలోళ్లను ఎంతమందిని పెట్టాల?

కొండారెడ్డి_బురుజు:
ఆరుగురు గార్డులు. మనిషికి 25 చొప్పున 150 అనుభవ పాయింట్లు, అదే ఎక్స్‌పీ, ఆరుగురున్నారు కాబట్టి రెట్టింపు 300. నలుగురు మూడో లెవెల్ వాళ్లకు ఈజీ పోరు మొదలయ్యేది సరిగ్గా ఆడనే.