నలుగురితో నారాయణా అనడం పిరికితనమేనా?

తూనికరాయి:
పోయిన నెల జరిగిన సంగతి ఇంకా బుర్రలోంచి పోవట్లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మీటింగ్‌లో ఎనిమిది మందిమి ఉన్నాం. పని నెలాఖరుకి ఇచ్చేయగలమా అని ఒక్కొక్కరినీ వరసగా అడుగుతూ వచ్చారు. టెస్టింగ్ రిపోర్టు అప్పటికే నా చేతిలో ఉంది. సరిచేయాల్సిన తప్పులు 19. రోజుకి మహా అయితే ఒకటి తెములుతుంది. మిగిలిన రోజులు 11. నా వంతు ఆరోది. మొదటి మనిషి "అవుతుంది" అన్నప్పుడు నేను కాగితం వంక చూసుకున్నాను. మూడో మనిషి కూడా అదే మాట అన్నప్పుడు మళ్ళీ చూశాను, ఎక్కడైనా తప్పు చదివానేమోనని. ఐదో మనిషి దగ్గరికి వచ్చేసరికి కాగితం మడిచి నోట్‌బుక్‌లో పెట్టేశాను. నేనూ "అవుతుంది" అన్నాను.

పని కాలేదు. అందరం మాట పడ్డాం. తర్వాత మెట్లు దిగుతుంటే ఇద్దరు "కాదని మాకు ఆ రోజే తెలుసు" అన్నారు.

మా స్నేహితురాలు దీన్ని శుద్ధ పిరికితనం అంటోంది, ఆష్ గీతల ప్రయోగం గురించి చదువుకోమంది. నాకు మాత్రం ఆ క్షణంలో భయమేసినట్టు గుర్తు లేదు. ఐదుగురికి తెలిసింది నాకే తెలియదేమో అని నిజంగానే అనిపించింది. ఇంతకీ మనిషి గుంపుతో గొంతు కలిపేది భయంతోనా, నమ్మకంతోనా? తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది. రెంటికీ మందు ఒకటే కాదు కదా.

గళ్ళనోటుబుక్:
మీ స్నేహితురాలు చెప్పిన ప్రయోగం గురించి తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా రాస్తాను. సోలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త 1950లలో అమెరికాలో చేశారు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదో చెప్పమంటారు. ఒంటరిగా అడిగితే నూటికి ఒక్క జవాబు కూడా తప్పు పోదు. కానీ గదిలో ఒక్కరు తప్ప మిగతా అందరూ ఆష్ మనుషులే. 18 సార్లు అడిగితే 12 సార్లు వాళ్ళంతా కూడబలుక్కున్నట్టు ఒకే తప్పు జవాబు చెప్తారు. అసలు మనిషి వంతు చివర్లో వస్తుంది. అచ్చం మీ ఆరో కుర్చీ లాగే. ఆ సందర్భాల్లో జవాబుల్లో దాదాపు 37 శాతం గుంపు వైపు మొగ్గాయి.

ఇక భయమా నమ్మకమా అన్న ప్రశ్న. 1955లో మోర్టన్ డాయిష్, హెరాల్డ్ జెరార్డ్ ఈ రెంటినీ విడదీశారు. నలుగురిలో వేరుపడిపోతానేమో, నన్ను మెచ్చుకోరేమో అన్న ఒత్తిడి ఒకటి. నాకంటే వాళ్ళకే బాగా తెలుసేమో అన్న అంచనా రెండోది. మొదటిదే ప్రధానం అని నా అభిప్రాయం. కారణం చెప్తాను. ఆష్ ఒక విడతలో అసలు మనిషి చేత జవాబు నోటితో చెప్పించకుండా కాగితం మీద రాయించారు. గుంపు చెప్పేది అతనికి వినిపిస్తూనే ఉంది. గుంపుకి మాత్రం అతని జవాబు తెలియదు. అంతే, గుంపు వైపు మొగ్గడం ముందున్నదాంట్లో మూడో వంతుకి పడిపోయింది. గుంపును నిజంగా నమ్మినవాడైతే కాగితం మీదా అదే రాయాలి కదా.

వేకువచుక్క:
గళ్ళనోటుబుక్ గారూ, ఆ 37 శాతం గురించి అందరూ చెప్తారు. మిగతా 63 శాతం మాటేమిటి? గదిలో అందరూ ఒకటై తప్పు చెప్తున్నా, మూడింట రెండు వంతుల జవాబులు సరిగ్గానే వచ్చాయి. నాలుగో వంతు మంది ఒక్కసారి కూడా లొంగలేదు. మనిషి స్వతంత్రంగా ఎలా నిలబడతాడన్నది కూడా ఆష్‌కి అంతే ముఖ్యమైన ప్రశ్న. తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాలు ఆ సగాన్ని కోసేసి "మనిషి గొర్రె" అని తేల్చేశాయి. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

పైగా 1980లో పెరిన్, స్పెన్సర్ బ్రిటన్‌లో ఇంజనీరింగ్, గణితం, కెమిస్ట్రీ విద్యార్థులతో ఇదే చేస్తే, 396 సార్లలో ఒక్కసారి మాత్రమే గుంపు మాట నెగ్గింది. 1950ల అమెరికాలో వేరుగా కనిపించడమంటేనే జనానికి వణుకు. ఆ ఫలితం ఆ కాలానిది.

గళ్ళనోటుబుక్:
63 శాతం గురించి మీరన్నది నిజం, ఒప్పుకుంటున్నాను. కానీ "ఆ కాలానిది" అంటే ఒప్పుకోను. 2023లో ఫ్రాన్జెన్, మాడర్ అనే పరిశోధకులు స్విట్జర్లాండ్‌లో మళ్ళీ చేశారు. 33 శాతం వచ్చింది. సరైన జవాబుకి డబ్బు ఇస్తామన్నా 25 శాతం దగ్గర ఆగింది. చేతికొచ్చే డబ్బు వదులుకుని కళ్ళెదుట కనిపిస్తున్నదాన్ని కాదన్నారు. ఇది పాత కాలపు జబ్బు కాదు.

పెరిన్, స్పెన్సర్ విషయంలో ఇంకో సగం కూడా ఉంది. కొలతలంటే ప్రాణం పెట్టే విద్యార్థుల దగ్గర ఒక్కసారే వచ్చింది, నిజమే. కానీ కోర్టు శిక్షకి బదులు ప్రొబేషన్ మీద ఉన్న కుర్రాళ్ళని కూర్చోబెట్టి, చుట్టూ ప్రొబేషన్ అధికారుల్నే కూర్చోబెడితే, మళ్ళీ ఆష్ అంకెల దగ్గరికే వచ్చింది. ఎదురు చెప్తే ఎవరికి నష్టమో వాళ్ళే తలూపారు. ఇది భయం కాక మరేమిటి?

రాగిచెంబు:
మీరంతా గీతల దగ్గరే ఆగిపోయారు. జింబార్డో జైలు ప్రయోగం ఒక్కటి చాలదా? ఉత్తుత్తి జైల్లో మామూలు విద్యార్థులకి గార్డు యూనిఫాం వేస్తే ఆరు రోజుల్లో రాక్షసులయ్యారు. మిల్‌గ్రామ్ ప్రయోగంలో, పక్క గదిలోని మనిషికి కరెంటు షాకులివ్వమని (నిజానికి ఉత్తుత్తివే) నిర్వాహకుడు చెప్తూ పోతే, 40 మందిలో 26 మంది చివరి స్విచ్ దాకా, అంటే 450 వోల్టుల దాకా వెళ్ళారు. మనిషికి సొంత బుర్ర అనేది పేరుకే ఉంది.

వేకువచుక్క:
రాగిచెంబు గారూ, 1971 నాటి ఆ జైలు ప్రయోగాన్ని సాక్ష్యంగా తేకండి దయచేసి. గార్డుల్ని కఠినంగా ఉండమని నిర్వాహకులే ప్రోత్సహించినట్టు వాళ్ళ సొంత రికార్డింగుల్లోనే ఉంది. హాస్లమ్, రైకర్ అనే మనస్తత్వవేత్తలు బీబీసీతో కలిసి అలాంటిదే నడిపితే, గార్డులు ఆ పాత్రలో ఇమడనే లేదు.

మిల్‌గ్రామ్‌ది అధికారికి లోబడటం, తోటివాళ్ళతో కలవడం కాదు. రెండూ ఒకటే అన్నట్టు కలిపేస్తే తూనికరాయి గారి ప్రశ్నకి జవాబు ఎప్పటికీ దొరకదు. నిజానికి మిల్‌గ్రామ్ చేసిన రకాల్లోనే మన చర్చకి పనికొచ్చేది ఒకటుంది. పక్కన కూర్చున్న ఇద్దరు మధ్యలో "మేం చేయం" అని లేచిపోతే, చివరిదాకా వెళ్ళినవాళ్ళు 40 మందిలో నలుగురే. తోటివాళ్ళని చూసి చేయడం ఇక్కడ మనిషిని దుర్మార్గం నుంచి బయటికి లాగింది. నలుగురితో నారాయణా అనడాన్ని ఎప్పుడూ బలహీనత అని ఎలా అంటాం?

మెట్లపైపిల్లి:
నేను చదువుకున్నది సైకాలజీ కాదు, కానీ తూనికరాయి గారు చెప్పిన "నాకే తెలియదేమో" అన్న ఆ క్షణం నాకు బాగా తెలుసు.

మా ఆఫీసులో ఒకసారి ఫైర్ అలారం మోగింది. నేను కుర్చీలోంచి సగం లేచాను. చుట్టూ చూస్తే ఎవరూ లేవలేదు. ఒకాయన ఫోన్‌లో మాట్లాడుతూనే ఒక వేలు చెవిలో పెట్టుకున్నారు. అది చూసి, అయితే టెస్టు చేస్తున్నారేమో అనుకుని మళ్ళీ కూర్చున్నాను. నేను ఎవరికీ భయపడలేదు, నన్ను ఎవరూ చూడనైనా లేదు. ఆ వేలు నాకు సమాచారంలా పనిచేసింది. తర్వాత తెలిసింది, కింది అంతస్తులో నిజంగానే వైరింగ్ కాలింది.

ఆ తర్వాతే లతానే, డార్లీ 1968లో చేసిన పొగ గది ప్రయోగం గురించి చదివాను. ఫారం నింపుతూ కూర్చున్న మనిషి గదిలోకి గోడలోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్ళలో 75 శాతం బయటికొచ్చి చెప్పారు. పక్కన ఏమీ పట్టనట్టు కూర్చున్న ఇద్దరు ఉంటే, చెప్పింది 10 శాతమే. ఎందుకు చెప్పలేదని అడిగితే, అది ఆవిరి అనుకున్నాం, ఏసీ నుంచి వస్తోందనుకున్నాం అన్నారు. "మాకు సిగ్గేసింది" అనలేదు. వాళ్ళకి ఆ పొగ పొగలా కనిపించలేదు, అంతే. దీన్ని పిరికితనం అంటే నాకు మనసొప్పదు.

గళ్ళనోటుబుక్:
మంచి ఉదాహరణ. కానీ అలారం అంటే ఏమిటో సందేహానికి చోటుంది. షెరీఫ్ 1935లో చేసింది కూడా అదే. చీకటి గదిలో కదలని వెలుగు చుక్క కదిలినట్టు కనిపిస్తుంది. అది ఎంత కదిలిందో చెప్పమంటే గుంపులో అందరూ మెల్లగా ఒకే అంకె దగ్గరికి వచ్చేస్తారు, తర్వాత ఒంటరిగా అడిగినా అదే చెప్తారు. సరైన జవాబు లేనిచోట పక్కవాడిని నమ్మడం తెలివే. తూనికరాయి గారి చేతిలో మాత్రం కాగితం ఉంది. 19 తప్పులు, 11 రోజులు. అది గీతల్లాంటిది, చుక్క లాంటిది కాదు.

తూనికరాయి:
కాదండీ. గీతలు కళ్ళెదుట ఉంటాయి. నా లెక్కలో "రోజుకి ఒకటి" అన్నది అంచనా. ఇంకో ఇద్దరిని తెస్తున్నారేమో, కొన్ని తప్పులు వదిలేయమని పైనుంచి చెప్పారేమో, ఇవన్నీ ఆ రెండు నిమిషాల్లో నా తలలో తిరిగాయి. మామూలు జీవితంలో చాలా ప్రశ్నలు గీతకీ చుక్కకీ మధ్యలోనే ఉంటాయి.

సాయంత్రపుఎండ:
మీరందరూ భయం, నమ్మకం అని రెండే గదులు కట్టారు. మన భాషలో దీనికి మూడో మాట ఎప్పటినుంచో ఉంది. మొహమాటం. మొహమాటపడేవాడు ఎవరికీ భయపడడు, ఎదుటివాళ్ళ మాట నమ్మడు కూడా. అయిదుగురు కుదుర్చుకున్నదాన్ని నేనొక్కడినే చెడగొట్టడం ఎందుకులే అనుకుంటాడు. ఆష్ తర్వాత వాళ్ళతో మాట్లాడినప్పుడు కూడా కొందరు ఇలాగే చెప్పారు, మీ ఫలితాలు పాడుచేయడం ఇష్టం లేక అలా అన్నాం అని. అది ఎదుటివాళ్ళ మీద గౌరవం లాంటిదే, కాకపోతే తప్పు చోట పెట్టిన గౌరవం.

ఇంకోటి. హెన్రీ తజ్ఫెల్, జాన్ టర్నర్ అనే మనస్తత్వవేత్తలు చెప్పినదాని ప్రకారం మనం ప్రతి గుంపుకీ తలూపం. ఎవరిని "మనం" అనుకుంటామో వాళ్ళకే. అదే మీటింగ్‌లో పక్క కంపెనీవాళ్ళు ఐదుగురు "అవుతుంది" అని ఉంటే తూనికరాయి గారు కాగితం బల్లమీద పరిచి ఉండేవారు.

వేకువచుక్క:
మొహమాటం అన్న మాట బాగుంది. నేను ఇంతసేపూ దానికోసమే వెతుకుతున్నాను.

భయం, నమ్మకం రెంటినీ విడదీయడానికి నాకు తెలిసిన అత్యంత చక్కని ప్రయోగం చెప్తాను. ఆష్ గదిలో ఒక్కరు తోడుగా సరైన జవాబు చెప్తే చాలు, లొంగడం బాగా తగ్గిపోతుందని ముందే తెలుసు. అలెన్, లెవిన్ 1971లో ఆ తోడు మనిషికి సీసా అడుగులాంటి దళసరి కళ్ళద్దాలు పెట్టారు. ఇతనికి చూపు సరిగ్గా ఆనదని అసలు మనిషికి తెలిసేలా చేశారు. చూపు ఆనని మనిషి మద్దతు సమాచారంగా ఎందుకూ పనికిరాదు కదా? అయినా లొంగడం తగ్గింది. అంటే ఒంటరితనం పోవడానికే సగం విలువ ఉంది. కానీ చూపున్న తోడు ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ తగ్గింది. అంటే సమాచారానికీ విలువ ఉంది. రెండూ ఒకే మనిషిలో ఒకేసారి పనిచేస్తున్నాయి. తూనికరాయి గారికి భయం గుర్తు లేకపోవడం అబద్ధం కాదు, అలాగని ఆ సాక్ష్యం ఒక్కటే సరిపోదు. పొగ గదిలోవాళ్ళు కూడా పక్కవాళ్ళ ప్రభావం మామీద లేదనే అన్నారు.

రాగిచెంబు:
జైలు ప్రయోగం గురించి నాకు తెలియని విషయాలు చెప్పారు, థాంక్స్. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తూనికరాయి గారూ, మెట్ల దగ్గర ఇద్దరు "మాకు ఆ రోజే తెలుసు" అన్నారు కదా. ఆ ఇద్దరిలో ఒక్కరు నోరు విప్పి ఉన్నా మీరు విప్పేవారే. వాళ్ళూ మీ గురించి అదే అనుకుంటూ ఉంటారు. నాకు అన్నిటికంటే అదే బాధగా ఉంది.

తూనికరాయి:
అందరి మాటలూ రెండుసార్లు చదివాను. ఈ వారం మీటింగ్‌లో ఒక పని చేశాను. తేదీ అడిగే ముందు, ఎవరూ నోరు తెరవకముందే చిన్న చీటీలు పంచి, పేరు లేకుండా అవుతుందో కాదో రాయమన్నాను. ఎనిమిది చీటీల్లో ఐదింటి మీద "కాదు" అని ఉంది. వాటిలో ఒకదాని మీద "అవుతుంది" అని రాసి కొట్టేసి, కింద "కాదు" అని రాసుంది. పోయినసారి ఇదే బల్ల దగ్గర ఎనిమిదికి ఎనిమిదీ "అవుతుంది". కాబట్టి గళ్ళనోటుబుక్ గారు చెప్పిందే ఎక్కువ నిజమేమో. మాది భయమే.

మెట్లపైపిల్లి:
చీటీల సంగతి చదివి చాలా సంతోషమేసింది. కానీ ఒక్క మాట. మీరు ఎవరూ మాట్లాడకముందే రాయించారు. అప్పుడు భయమూ లేదు, పక్కవాళ్ళ మాట వల్ల వచ్చే సందేహమూ లేదు. రెండూ ఒకేసారి తీసేశారు. ఏది పోవడం వల్ల ఐదు "కాదు"లు వచ్చాయో దాన్నిబట్టి చెప్పలేం.

గళ్ళనోటుబుక్:
మెట్లపైపిల్లి గారు అన్నది సరైన మాట. ఆ చీటీలు నా వాదనకి సాక్ష్యం కావు. పని జరగడానికి మాత్రం ఆ పద్ధతే మంచిది, దాన్ని మానేయకండి. తేడా తెలియాలంటే ఒక్కసారి తిరగేసి చూడాలి. ముందు అందరూ నోటితో చెప్పాలి, తర్వాత రహస్యంగా రాయాలి. నోటి మాటా రాతా వేరైతే భయమో మొహమాటమో. రాత కూడా నోటి మాటలాగే ఉంటే నేను ఓడినట్టే.

తూనికరాయి:
అంత పెద్దది కాని విషయం ఒకటి ఉంది, ఎవరికి ఏ పని అప్పగించాలన్నది. తప్పినా నష్టం లేదు. గురువారం దాంతో చేసి చూస్తాను. వరసగా అడిగాక చీటీలు పంచుతాను, ఏం వచ్చిందో అదే రోజు ఇక్కడ రాస్తాను.