చర్చ: పుస్తకం చెప్పేటప్పుడు రాసినవాళ్లు ఎవరో చూడాలా?

నల్లగొండ పాఠకుడు:
మొన్న మా టౌన్‌లో ఒక పుస్తకాల షాపుకు వెళ్లాను. ఈమధ్య వచ్చిన మంచి కథలేవైనా చెప్పండని అడిగితే షాపాయన మూడు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి దళిత రచయిత్రిది, ఒకటి ముస్లిం కథలు, ఇంకోటి తండా కథలు. నేను మంచి కథలు అడిగాను, ఎవరు రాశారని అడగలేదు. కథ బాగుంటే ఎవరు రాస్తే ఏంటి? బాగోకపోతే ఎవరు రాసినా ఏంటి? కులం, మతం చూసి పుస్తకం చేతికిస్తే రేపు రచయితలను కూడా అట్లాగే చూడటం అలవాటవుతుంది. మీరేమంటారు?

పాలమూరు టీచర్:
కథ బాగుంటే చాలన్న మాటతో నాకు పేచీ లేదు సార్. బాగుందో లేదో తేల్చాలంటే ముందు అది కంటపడాలి గదా. తెలంగాణలో కవులు పూజ్యం, అంటే సున్నా అని ఒకాయన రాస్తే మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఏం చేశారు? 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేసి 354 మందిని చూపించారు. వాళ్లంతా అప్పటికప్పుడు పుట్టుకొచ్చినవాళ్లు కాదు. ఎప్పటినుంచో రాస్తున్నారు, చూడాల్సినవాళ్లు చూడలేదు. ఆనాడు మనం ప్రాంతం పేరు చెప్పి లెక్క చూపిస్తే న్యాయం, ఇవాళ తండావాళ్లు, దళితవాడవాళ్లు చూపిస్తే కోటానా?

నల్లగొండ పాఠకుడు:
సురవరం వారు కవిత్వం అచ్చేసి ఇదిగో చదువుకోండి అన్నారు. షాపాయన సంగతి వేరు. ఆయన మాట నమ్మి నేను డబ్బులు పెడతాను. ఆ మాట వెనక పుస్తకం కాకుండా ఇంకేదో లెక్క ఉందని అనుమానం వస్తే రెండోసారి ఆ షాపు ఎక్కను.

పుస్తకాల షాపు, మిర్యాలగూడ:
సార్ వెళ్లిన షాపు మాది కాదు. కానీ ఇదే వ్యాపారంలో ఉన్నాను కాబట్టి లోపలి సంగతి చెప్తాను.

మా కిరాయి వెళ్లేది గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ గైడ్ల మీద. జూన్‌లో నోటుపుస్తకాలు. సాహిత్యానికి మిగిలేది ఒక్క అర. అందులోకి పెద్ద పబ్లిషర్ల స్టాక్ పార్సిల్‌లో వచ్చేస్తుంది. అడిగేవాళ్లు కూడా పేపర్లో చూసిన పేర్లు, చిన్నప్పుడు విన్న పేర్లే అడుగుతారు. నేను నోరు మూసుకొని కూర్చున్నా అవి పోతాయి. అంటే నేనేమీ చెప్పలేదంటే ఆ పేర్లనే చెప్పినట్టు లెక్క.

మీరన్న పుస్తకాల దారి వేరు. చాలామంది సొంత డబ్బుతో ఐదువందల కాపీలు వేయించుకుంటారు. రచయితే సంచిలో పది కాపీలు పెట్టుకొని బస్సులో తెచ్చి ఇస్తాడు. కవిత్వమైతే అరవై డెబ్బై పేజీలు, మధ్యలో రెండు పిన్నులు. అంత పల్చటి పుస్తకానికి పక్క అంచున పేరు వేసే జాగా కూడా ఉండదు. లావు నవలల మధ్య నిలబెడితే అది ఉందన్న సంగతే తెలియదు, దుమ్ము దులిపే రోజు బయటపడుతుంది. అందుకే అట్ట కనిపించేలా బల్ల మీద పరుస్తాను.

నేను చదవని పుస్తకం చెప్పను. రాసినవాళ్ల కులం కూడా చెప్పను. ఏ ఊరి కథ, దేని గురించి అనేది చెప్పి, ఒక పేజీ తెరిచి చేతికిస్తాను. నచ్చకపోతే అక్కడే పెట్టేసి వెళ్తారు. మన నకిరేకల్ వైపు నుంచి వెళ్లిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మారు. జనం అడిగినవే అమ్మితే చాలనుకుంటే ఆయనకు అంత తిప్పలు ఎందుకు?

దేవరకొండ తండా:
షాపు అన్నా, నేను లంబాడీని, కథలు రాస్తాను. మీ మాటకు సంతోషం. నా బాధ ఇంకోటి. కొన్నిచోట్ల ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతికి మా పుస్తకాలు ముందుకొస్తాయి, 15న మళ్లీ లోపలికి. ఇంకొన్నిచోట్ల "దళిత, గిరిజన" అని అట్టముక్క మీద రాసి మూలకు ఒక అర. కథలు కావాల్సినవాళ్లు ఆ మూలకు రారు, పీహెచ్‌డీ చేసే పిల్లలు తప్ప. నా కథలో మా తీజ్ పండుగకు గోధుమ మొలకలు పెంచే బుట్టలకు నీళ్లు పోస్తూ అక్కాచెల్లెళ్లు హాస్టల్‌కు ఎవరు పోవాలని కొట్లాడుకుంటారు. దాన్ని కథల అరలో పెట్టడానికి ఏం అడ్డం?

2024లో తెలుగుకు సాహిత్య అకాడెమీ యువ పురస్కారం రమేశ్ కార్తీక్ నాయక్ రాసిన తండా కథలకు, "ధావ్లో"కు వచ్చింది. అవార్డు వచ్చాక చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. పేరు తెలియనివాడి పుస్తకం ముందే చదివి, ఇది బాగుంది తీసుకో అని చెప్పే మనిషి కావాలి. ఆ పని యాప్ చేయదు, అది ఇప్పటికే అమ్ముడుపోయినవే చూపిస్తుంది.

నల్లగొండ పాఠకుడు:
తమ్ముడూ, వేరు చేయొద్దనే గదా నేనూ అంటున్నది!

దేవరకొండ తండా:
కాదు సార్. వేరుగా చూడటం అవుతుందని మీరు చెప్పనే వద్దంటున్నారు. నేను చెప్పమంటున్నా, కాకపోతే అందరి మధ్యలో పెట్టి చెప్పమంటున్నా.

నల్లగొండ పాఠకురాలు:
నేను ముస్లింని. మా ఇంట్లో మాట్లాడుకునే తీరు తెలుగు అచ్చులో చూసింది డిగ్రీ అయ్యాకే. మన జిల్లా నుంచే వచ్చిన స్కైబాబా 1998లో జల్జలా కవిత్వ సంకలనం, 2004లో వతన్ కథల సంకలనం తెచ్చారు. ఎవరైనా అప్పట్లోనే చేతికిచ్చి ఉంటే బడిలో ఉండగానే చదివేదాన్ని. నాకు ఎవరూ ఇవ్వలేదు. అందుకే ఆ షాపాయన చేసింది నాకు చాలా నచ్చింది.

నల్లగొండ పాఠకుడు:
అమ్మా, మీ మాట అర్థమైంది. అయినా నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. బల్ల మీద ఆ మూడే ఎందుకు? పాత పెద్ద కథకులను కూడా పక్కనే పెడితే నేనే పోల్చి చూసుకుంటాను.

పుస్తకాల షాపు, మిర్యాలగూడ:
మా షాపులో తప్పకుండా పెడతాను సార్. పాతవాళ్లు ఎక్కడున్నా అమ్ముడుపోతారు, బల్ల మీదికి తేవడానికి నాకేం ఇబ్బంది లేదు. జాగా చాలక ఏదో ఒకటి లోపలికి పోవాల్సి వస్తే మాత్రం, ఆ పిన్నుల పుస్తకాన్ని పంపను.